ఇంగ్లిష్ పల్లె ఎచింగ్: రాగి ప్లేటు నుంచి చేతిరంగుల దాకా

ఇంగ్లండులో ఏ ఊళ్లో క్రాఫ్ట్ ఫెయిర్ జరిగినా ఒక మూల ఈ ప్రింట్లు కనిపిస్తాయి. చర్చి, దాని ముందు పచ్చిక, పబ్ గోడకు ఆనించిన సైకిలు, గేటు మీద చేతులు ఆన్చి మాట్లాడుకునే ఇద్దరు ముసలివాళ్లు. సన్నటి ముదురు గోధుమరంగు గీతలు, వాటి మీద పలుచగా వాటర్‌కలర్. ఇవి ఎచింగ్‌లు: రాగి ప్లేటు మీద మైనంలాంటి పూత పూసి, సూదితో గీసి, ఆ గీతలను యాసిడ్‌తో తినిపించి, ఇంకు నింపి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు. కెంట్‌కు చెందిన గ్రేయమ్ క్లార్క్ పైభాగం కమానులా వంగిన ప్లేట్ల మీద వేసిన పల్లె బొమ్మలు చూసినవాళ్లకు నేను దేని గురించి చెబుతున్నానో వెంటనే తెలుస్తుంది. మనవాళ్లలో చాలామందికి ఎచింగ్ అంటే లక్ష్మా గౌడ్ గారి తెలంగాణ పల్లెలు గుర్తొస్తాయి. పద్ధతి అదే, ఊరు వేరు.

ప్రయత్నించినవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఎప్పుడూ మూడే. రంగు వేయగానే ఇంకు కదిలి మురికైంది, ఎందుకు? కాగితం రంగును అద్దుడు కాగితంలా పీల్చేసింది, ఏం చేయాలి? అన్నీ సరిగానే చేశాను కానీ పిల్లల కలరింగ్ బుక్కులా కనిపిస్తోంది, ఎక్కడ తప్పింది?

మొదటి రెండింటికీ జవాబు ఆరబెట్టడంలో, కాగితంలో ఉంది. మూడోది రంగు సమస్య కాదు. సూది పట్టుకున్నప్పుడే రంగుకు చోటు వదలకపోవడం వల్ల వచ్చే సమస్య. అందుకే ఈ మార్గదర్శిని రంగుల దగ్గర కాకుండా ఊరి దగ్గర మొదలుపెడుతున్నాను.

1. ముందు ఏ ఊరో తేల్చుకోండి

"ఇంగ్లిష్ పల్లె" అనే ఊరు ఎక్కడా లేదు. కాట్స్‌వోల్డ్స్ పల్లె ఉంది, కెంట్ పల్లె ఉంది, నార్ఫక్ పల్లె ఉంది. కాలి కింద ఏ రాయి దొరికితే ఆ రాయితోనే ఊరు కట్టారు. ఆ రాయే మీ గీతనూ రంగునూ నిర్ణయిస్తుంది.

- కాట్స్‌వోల్డ్స్: తేనెరంగు సున్నపురాయి ఇళ్లు, కప్పు మీద కూడా రాతి పలకలే. పొలాల చుట్టూ సున్నం, మట్టి వాడకుండా పేర్చిన రాతిగోడలు.
- కెంట్: ఎర్ర ఇటుక, గోడలకు వేలాడదీసిన పెంకులు, తెల్ల చెక్కపలకల ముఖాలు. బీరులో వాడే హాప్స్ పూలు ఆరబెట్టడానికి కట్టిన ఓస్ట్ హౌస్‌లు, వాటి కొసన గాలివాటానికి తిరిగే తెల్ల టోపీలు.
- నార్ఫక్: చెకుముకి రాళ్ల గోడలు, గుండ్రటి గోపురాల పాత చర్చిలు, రెల్లు కప్పులు.
- డెవన్: గడ్డి కలిపిన మట్టితో కట్టిన మందపాటి గోడలు, మూలలు నున్నగా గుండ్రంగా ఉంటాయి. మన మట్టిమిద్దెలు చూసిన చేతికి ఇవి గీయడం సులువు.
- యార్క్‌షైర్ డేల్స్: బూడిదరంగు రాయి, పొలం మధ్యలో ఒంటరిగా నిలబడ్డ రాతి కొట్టాలు, చెట్లు తక్కువ.

ఓస్ట్ హౌస్ పక్కన తేనెరంగు రాతిగోడ పెడితే ఇంగ్లండు తెలిసినవాళ్లకు వెంటనే ఎబ్బెట్టుగా ఉంటుంది. గోదావరి గట్టు మీద రాయలసీమ గుట్టలు వేసినట్టన్నమాట.

కాలం కూడా తేల్చుకోండి. పోస్టు డబ్బా ఎరుపు 1874లో మొదలైంది, అంతకుముందు ఆకుపచ్చగా ఉండేవి. పల్లెల్లో కనిపించే ఎర్ర ఫోన్ బూత్‌లలో ఎక్కువ భాగం 1935లో గైల్స్ గిల్బర్ట్ స్కాట్ రూపొందించిన కె6 రకం. విక్టోరియా కాలం పల్లె గీస్తూ మూలన ఫోన్ బూత్ పెట్టకండి.

వీలైతే ఊరికి వెళ్లి ఒక గంట కూర్చోండి. ఫొటో తీసుకోండి, కానీ స్కెచ్ కూడా వేయండి. ఫొటోలో ఇళ్లు దొరుకుతాయి. ఎవరు ఎవరి దగ్గర ఆగి మాట్లాడతారు, కుక్క ఎక్కడ పడుకుంటుంది, కటకటల గేటు ఎటు వాలింది అన్నవి స్కెచ్ వేస్తుంటేనే కంట్లో పడతాయి.

2. సామాను, స్థలం

ఇంట్లో చేయగలిగేవి: డ్రాయింగ్, సూదిపని, రంగులు. ఇంట్లో చేయకూడనివి: యాసిడ్ పని, ప్రెస్ పని. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఎడిన్‌బరో ప్రింట్‌మేకర్స్, బ్రిస్టల్‌లోని స్పైక్ ప్రింట్ స్టూడియో లాంటి చోట్లు ఉన్నాయి. ముందు ఒక పరిచయ క్లాసు చేసి, తర్వాత పూటకింత అని కట్టి వాడుకోవచ్చు. ఇండియాలో ఉన్నవాళ్లు దగ్గర్లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ప్రింట్‌మేకింగ్ విభాగంలోనూ, లలిత కళా అకాడెమీ ప్రాంతీయ కేంద్రాల్లోనూ అడిగి చూడండి.

ప్లేటుకు కావలసినవి:

- రాగి ప్లేటు, 1 నుంచి 1.2 మిల్లీమీటర్ల మందం. మొదటిసారికి 15 × 20 సెంటీమీటర్లు చాలు.
- ఆకురాయి, సన్నటి నీటి ఉప్పుకాగితం, సుద్దపొడి
- హార్డ్ గ్రౌండ్ (యాసిడ్ తగలకుండా ప్లేటు మీద పూసే మైనంలాంటి పూత), రోలర్
- ఎచింగ్ సూది. మందపాటి కుట్టుసూదిని పెన్సిల్ హోల్డర్‌లో బిగించినా సరిపోతుంది.
- స్టాప్‌అవుట్ వార్నిష్ (యాసిడ్ ఇక తినకూడని గీతలను కప్పేది), సన్నటి పాత బ్రష్
- స్క్రేపర్ (రాగిని గీకేది), బర్నిషర్ (నున్నచేసేది)
- వెడల్పాటి పార్సిల్ టేపు

ప్రింటుకు, రంగుకు కావలసినవి:

- నూనె ఆధారిత ఎచింగ్ ఇంకు (షార్బొనెల్ లాంటిది): నలుపు, బర్న్ట్ అంబర్
- టార్లటాన్ అనే గంజిపెట్టిన జాలీబట్ట, టిష్యూ కాగితం
- 250 నుంచి 300 జీఎస్ఎం కాటన్ కాగితం, అద్దుడు కాగితాలు
- జెలటిన్
- ఆర్టిస్ట్ గ్రేడ్ వాటర్‌కలర్లు, మొన బాగా నిలిచే గుండ్రటి బ్రష్‌లు 2, 4, 8 నంబర్లు

3. డ్రాయింగ్: రంగుకు చోటు వదలడం

కలరింగ్ బుక్కు సమస్య ఇక్కడే పుడుతుంది, ఇక్కడే పోగొట్టాలి.

అన్ని వస్తువుల చుట్టూ ఒకే మందం గీత గీసి, లోపల ఖాళీ వదిలేస్తే ఆ ఖాళీని నింపడం తప్ప రంగుకు వేరే పని ఉండదు. దానికి ఎదురు తప్పు, ప్రతి అంగుళమూ అడ్డగీతలతో నింపేయడం. అప్పుడు రంగు వేసినా వేయనట్టే, పైగా మురికిగా కనిపిస్తుంది.

నేను ప్లేటు మొదలుపెట్టే ముందు స్కెచ్ మీద ట్రేసింగ్ కాగితం పరిచి మూడు గుర్తులు పెట్టుకుంటాను.

- "గీ": ఇక్కడ గీతే మాట్లాడాలి. రాతిగోడ సందులు, రెల్లుకప్పు చూరు, చెట్టు బెరడు, మనుషుల ముఖాలు. ఇక్కడ రంగు నామమాత్రం.
- "రం": ఇక్కడ రంగే మాట్లాడాలి. ఆకాశం, పచ్చిక, దూరపు పొలాలు. ఇక్కడ గీతలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే.
- "ఖా": ఇక్కడ గీతా వద్దు, రంగూ వద్దు. క్రికెట్ ఆడేవాళ్ల తెల్లబట్టలు, గొర్రెల వీపులు, మేఘం, ఓస్ట్ హౌస్ టోపీ. కాగితమే తెలుపు.

"ఖా" లేకుండా ప్లేటు మొదలుపెట్టకండి. తెల్ల కాగితం ఎక్కడా మిగలని చేతిరంగు ప్రింటు ఎంత శ్రమపడ్డా వెలగదు.

తర్వాత అద్దం సంగతి. ప్లేటు మీద ఉన్నది తిరగబడి అచ్చవుతుంది. చర్చి గడియారం, పబ్ బోర్డు మీద అక్షరాలు, కుడిచేతి బ్యాట్స్‌మన్, అన్నీ తారుమారవుతాయి. నా రెండో ప్లేటులో బొమ్మంతా జాగ్రత్తగా తిప్పి వేసి, పబ్ బోర్డును మాత్రం చివర్లో చేతివాటంగా నేరుగా రాసేశాను. పరీక్షగా తీసిన అచ్చులో, అంటే ప్రూఫ్‌లో, ఆ నాలుగు అక్షరాలే తిరగబడి వచ్చాయి. వాటిని గీకి, నున్నచేసి, మళ్లీ గ్రౌండ్ వేసి తిప్పి రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

తప్పు జరగని పద్ధతి ఇదీ: ట్రేసింగ్ కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో బొమ్మను సరైన దిశలోనే వేయండి. దాన్ని బోర్లా గ్రౌండ్ మీద పెట్టి, తక్కువ ఒత్తిడితో ప్రెస్‌లో పంపండి. పెన్సిల్ గీత ప్లేటు మీదికి తిరగబడి దిగుతుంది. ప్రింటులో మళ్లీ తిరగబడి సరిగా వస్తుంది. చివర్లో చేర్చే ప్రతి చిన్న అక్షరమూ ఈ దారినే రావాలి.

4. ప్లేటు సిద్ధం చేయడం

1. నాలుగు అంచులనూ ఆకురాయితో 45 డిగ్రీల వాలుకు అరగదీయండి. వాలు లేని అంచు కాగితాన్ని కోస్తుంది, ప్రెస్ మీది మందపాటి ఉన్నిబట్ట అయిన ఫెల్ట్‌ను కూడా కోస్తుంది.
2. ముఖాన్ని సన్నటి ఉప్పుకాగితంతో నీళ్లలో రుద్దండి. ఈ దశలో మిగిలిన గీరలు ఆకాశంలో కనిపిస్తాయి.
3. వెనిగర్‌లో ఉప్పు కలిపి తుడవండి. రాగి చెంబును చింతపండు, ఉప్పుతో తోమితే మెరిసినట్టే మెరుస్తుంది.
4. సుద్దపొడిని నీళ్లతో ముద్దచేసి రుద్ది జిడ్డు పోగొట్టండి.
5. కుళాయి కింద ఏటవాలుగా పట్టండి. నీరు ఒకే పొరలా జారితే జిడ్డు పోయినట్టు. చుక్కలుగా విడిపోతే 4వ మెట్టు మళ్లీ చేయండి.
6. వేడిపలక మీద ప్లేటును వెచ్చచేసి, గ్రౌండ్‌ను రుద్ది రోలర్‌తో పలుచగా పరచండి. పలుచటి బెల్లం పాకం రంగు రావాలి. నల్లగా ఉంటే మందం ఎక్కువైంది, గీసేటప్పుడు పెచ్చులు లేస్తుంది.
7. వెనుకవైపు మొత్తం పార్సిల్ టేపు అంటించండి. రెండు వైపులా టేపును పొడవుగా వదిలితే అదే పిడిగా పనికొస్తుంది.

5వ మెట్టు దాటవేసినవాళ్లకు గ్రౌండ్ యాసిడ్‌లో ఊడిపోతుంది. అంతవరకు చేసిన పనంతా పోతుంది.

5. సూదిపని

సూది రాగిని తవ్వకూడదు. గ్రౌండ్‌ను మాత్రం గీకి రాగిని బయటపెట్టాలి. లోతు యాసిడ్ చూసుకుంటుంది. సూది గాజు మీద జారుతున్నట్టు ఉంటే ఒత్తిడి సరిపోయినట్టే.

రెల్లుకప్పును పైనుంచి కిందికి పొడవాటి గీతలతో నింపకండి. చూరు దగ్గర, కిటికీ పైన వంపు తిరిగే చోట, పైకొసన కట్టిన అంచు దగ్గర గట్టిగా గీసి మధ్యలో వదిలేయండి. కంటికి అది రెల్లే అని తెలుస్తుంది, మధ్యలో రంగు పారడానికి చోటుంటుంది. రాతిగోడకూ ఇదే సూత్రం: పది రాళ్లు శ్రద్ధగా గీయండి, మిగతావి చూపరి ఊహించుకుంటాడు.

నీడలకు ఒకే దిశలో వాలుగీతలు చాలు. మొదటి రెండు మూడు ప్లేట్లలో ఆక్వాటింట్ (గీతలు కాకుండా నీడను మచ్చలా తినిపించే పద్ధతి) జోలికి పోకండి. అందులో వాడే గుగ్గిలం పొడి ఊపిరితిత్తులకు హాని, గాల్లో దట్టంగా తేలితే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. చేతిరంగు ఉన్నప్పుడు దాని అవసరం ఎలాగూ తక్కువే.

6. యాసిడ్‌లో తినిపించడం

రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడండి. దానికి సిట్రిక్ యాసిడ్ కలిపే ఎడిన్‌బరో ఎచ్ అనే పద్ధతి చాలా స్టూడియోల్లో ఉంది. గీతల్లో మడ్డి పేరుకోదు, పని వేగంగా శుభ్రంగా జరుగుతుంది.

దిగే ముందు సరిచూసుకోండి:

- చేతులకు గ్లోవ్స్, కళ్లకు గాగుల్స్, ఏప్రన్
- ట్రే ప్లాస్టిక్‌దే. స్టీలు గిన్నెలు, స్టీలు సింకు దగ్గరికి తీసుకురావద్దు, తినేస్తుంది.
- పక్కన బకెట్ నీళ్లు
- వాడేసిన ద్రావణాన్ని కాలువలో పోయకూడదు. అందులో రాగి ఉంటుంది. స్టూడియోవాళ్ల వ్యర్థాల డబ్బాకే ఇవ్వాలి.

పని ఇలా సాగుతుంది. ముందు ఒక రాగిముక్క మీద గ్రౌండ్ వేసి, కొన్ని గీతలు గీసి 5, 10, 20, 40 నిమిషాలకు పరీక్షించండి. ద్రావణం ఎంత పాతది, ఎంత చల్లగా ఉంది అన్నదాన్నిబట్టి వేగం మారుతుంది. ఇంగ్లండు చలికాలంలో వేడిలేని గదిలో అదే గీతకు చాలా ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి ఇంకొకరి నిమిషాలను గుడ్డిగా నమ్మకండి.

1. మామూలు ఫెర్రిక్ అయితే ప్లేటును బోర్లా, చిన్న ప్లాస్టిక్ దిమ్మల మీద ఉంచండి. లేకపోతే మడ్డి గీతల్లో కూర్చుని కొరకడం ఆగిపోతుంది. ఒక అంచు ముందు ముంచి మెల్లగా వాల్చండి, గాలి బుడగలు చిక్కవు.
2. తక్కువ సమయం అవగానే తీసి, కడిగి, ఆరబెట్టండి. దూరపు కొండలు, చర్చి గోపురం, మేఘాల అంచుల మీద స్టాప్‌అవుట్ పూయండి. అవి అక్కడితో ఆగిపోతాయి.
3. వార్నిష్ పూర్తిగా ఆరాక మళ్లీ ముంచండి. ఇళ్లు, చెట్లు రెండో మెట్టులో ఆపండి.
4. మిగిలేది ముందుభాగం: గేటు, మనుషులు, కుక్క. వీటికే అన్నిటికన్నా లోతు.

మూడు లోతులు చాలు. గీతలోనే దూరం, దగ్గర వచ్చేస్తే రంగు తేలిగ్గా ఉండొచ్చు. దూరపు గోపురాన్ని, ఎదుటి గేటును ఒకేసారి తినిపించేసి, తర్వాత నీలిరంగు పూసి గోపురాన్ని వెనక్కి నెట్టాలని చూస్తే అది వెళ్లదు.

7. మొదటి ప్రూఫ్, దిద్దుబాటు

గ్రౌండ్ తుడిచేసి ఒక ప్రూఫ్ తీయండి. దాని మీద రంగు పెన్సిల్‌తో గట్టిగా గుర్తులు పెట్టుకోండి.

- గీత మరీ నల్లగా ఉంది: బర్నిషర్‌కు ఒక చుక్క నూనె రాసి నిమరండి. లోతు తగ్గుతుంది.
- గీతే తప్పు: స్క్రేపర్‌తో గీకి, ఉప్పుకాగితం, తర్వాత బర్నిషర్.
- గీత తేలిపోయింది: మళ్లీ గ్రౌండ్ వేసి అదే గీత మీద సూది నడపండి.
- ఆకాశంలో చుక్కలు పడ్డాయి: గ్రౌండ్‌లో చిల్లుల వల్ల వచ్చినవి. ఇవి పట్టించుకోవాల్సినవే. ఆకాశంలో గీతలు ఉండవు కాబట్టి ప్రతి చుక్కా కాకిలా కనిపిస్తుంది. ఒక్కొక్కటీ నున్నచేయండి.

ఈ ప్రూఫ్‌ను పారేయకండి. రంగు రిహార్సల్‌కు కావాలి.

8. కాగితం, ఇంకు, ప్రెస్

ఎచింగ్ కాగితం మెత్తగా ఉండాలి, గీతలోకి దిగి ఇంకును పట్టుకోవడానికి. వాటర్‌కలర్ కాగితం గట్టిగా ఉండాలి, రంగును పైపొర మీద నిలపడానికి. మనకు రెండూ కావాలి. సోమర్‌సెట్ శాటిన్ 300 జీఎస్ఎం ఈ రెంటికీ మధ్యరకం. సాండర్స్ వాటర్‌ఫర్డ్ హాట్ ప్రెస్డ్ మీద రంగు ఇంకా బాగా నిలుస్తుంది కానీ ఎక్కువసేపు నానబెట్టాలి. రెండూ సోమర్‌సెట్ కౌంటీలోని సెంట్ కత్‌బర్ట్స్ మిల్లు కాగితాలే. అతి మెత్తటి ఎచింగ్ కాగితాల మీద ప్రింటు అద్భుతంగా వస్తుంది, రంగు మాత్రం లోపలికి ఇంకి చచ్చిపోతుంది.

ఇంకు పూర్తి నలుపు వద్దు. నలుపులో బర్న్ట్ అంబర్ కలపండి. పచ్చ రంగు పక్కన కటిక నలుపు గీత కఠినంగా ఉంటుంది, ముదురు గోధుమ కలిసిపోతుంది.

1. కాగితాన్ని అరగంట నుంచి గంట నానబెట్టి, అద్దుడు కాగితాల మధ్య అద్దండి. పైన నీటి మెరుపు కనిపించకూడదు. చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, తడి అంటకూడదు.
2. ప్లేటును కొద్దిగా వెచ్చచేసి, అట్టముక్కతో ఇంకును గీతల్లోకి నెట్టండి.
3. టార్లటాన్‌ను గుండ్రంగా తిప్పుతూ తుడవండి. తర్వాత టిష్యూ కాగితం పరిచి అరచేత్తో తేలిగ్గా.
4. చివరికి అరచేతికి సుద్దపొడి రాసుకుని ఆకాశం, "ఖా" గుర్తున్న చోట్లు శుభ్రంగా తుడవండి.
5. అంచుల వాలును బట్టతో తుడవండి.
6. ప్లేటు, తడి కాగితం, మీద ఫెల్ట్‌లు. ప్రెస్ చక్రాన్ని మధ్యలో ఆపకుండా తిప్పండి.

4వ మెట్టు గురించి ఒక మాట. మామూలు ఎచింగ్‌లో ప్లేటు మీద పలుచటి ఇంకు పొర వదలడం అందం. చేతిరంగు వేసే ప్రింటుకు అదే శత్రువు. ఆ పొర నూనెతో చేసింది, నీటిరంగు దాని మీద సరిగా అంటుకోదు. అంటినచోట బూడిదరంగుకు తిరుగుతుంది. నలుపు తెలుపుల్లో బాగున్న ప్రింటు రంగు వేశాక మురికిగా మారిందని చెప్పేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

9. ఆరబెట్టడం, జెలటిన్

ప్రింట్లను అద్దుడు కాగితాల మధ్య, పలక కింద, బరువుతో రెండు మూడు రోజులు ఉంచండి. కాగితాలు రోజూ మార్చండి. కాగితం ఆరడం వేరు, ఇంకు ఆరడం వేరు. ఇంకుకు కనీసం వారం, చలికాలంలో రెండు వారాలు ఇవ్వండి.

పరీక్ష: బాగా నల్లగా ఉన్న చోట తెల్ల టిష్యూతో రుద్దండి. మరక అంటితే ఇంకా ఆగాలి. పాత ప్రూఫ్ మీద తడి బ్రష్‌తో కూడా చూడండి. నేను ఒకసారి ఫెయిర్ దగ్గరపడిందన్న టెన్షన్‌లో మూడోరోజే రంగు మొదలుపెట్టాను. పచ్చిక మీద బ్రష్ నడిపేసరికి గీతల్లోంచి గోధుమరంగు లేచి బ్యాట్స్‌మన్ తెల్ల ప్యాంటులోకి పాకింది. ఆ వరసలో ఆరు ప్రింట్లు పోయాయి.

ఇంకు ఆరాక కాగితానికి సైజు, అంటే రంగును పీల్చేయకుండా ఆపే పూత, పట్టించాలి. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు బట్టను కరక్కాయ కలిపిన పాలలో ఎందుకు ముంచుతారో తెలిసినవాళ్లకు దీని అవసరం చెప్పక్కర్లేదు. ఆ పాలలోని కొవ్వు వల్లే రంగు పక్కకు పాకదు. ఇక్కడ ఆ పని జెలటిన్ చేస్తుంది.

- లీటరు నీటికి 20 నుంచి 25 గ్రాముల జెలటిన్
- చల్లటి నీళ్లలో 20 నిమిషాలు ఉబ్బనిచ్చి, తర్వాత వెచ్చచేయండి. మరగనివ్వకండి, పట్టు పోతుంది.
- వెడల్పు బ్రష్‌తో ఒక్క పూత, ఒకే దిశలో. రెండోసారి రుద్దకండి.
- పూర్తిగా ఆరనివ్వండి, ఒక రోజు ఆగితే మంచిది.

సాండర్స్ వాటర్‌ఫర్డ్‌కు ఇది సాధారణంగా అవసరం ఉండదు. మెత్తటి కాగితాలకు తప్పనిసరి. మూలన ఒక చుక్క రంగు పెట్టి చూడండి. చుక్క గుండ్రంగా నిలిస్తే సరే, వేళ్లు చాచినట్టు పాకితే ఇంకో పూత.

10. రంగులు

అసలు ప్రింట్లు చూడకుండా ఈ మెట్టు మొదలుపెట్టకండి. లండన్‌లో ఉంటే బ్రిటిష్ మ్యూజియం ప్రింట్స్ అండ్ డ్రాయింగ్స్ స్టడీ రూమ్‌లో ముందుగా సమయం తీసుకుని, పాతకాలపు చేతిరంగు ఎచింగ్‌లు చేసిన ఇంగ్లిష్ చిత్రకారుడు థామస్ రోలండ్‌సన్ ప్రింట్లు అడిగి చూడొచ్చు. భూతద్దం పెట్టి గమనించండి. రంగు గీత అంచును అంటిపెట్టుకుని ఉండదు. కొన్నిచోట్ల దాటిపోతుంది, కొన్నిచోట్ల ముందే ఆగిపోతుంది. నలుగురు మనుషులున్న చోట ఒకరి కోటుకే గట్టి రంగు, మిగతావాళ్లకు నీటిజాడ మాత్రమే.

పెట్టె చిన్నదిగా ఉంచండి: యెల్లో ఓకర్, రా సియెన్నా, బర్న్ట్ సియెన్నా, లైట్ రెడ్, అల్ట్రామెరీన్, పేన్స్ గ్రే, ఒక పారదర్శకమైన ఎరుపు. పాత అలిజరిన్ క్రిమ్సన్, ప్రకాశవంతమైన ఒపేరా పింక్ లాంటివి వెలుతురుకు వెలిసిపోతాయి, కొనవద్దు. తెల్ల గ్వాష్ (కిందిది కనిపించనివ్వని చిక్కటి నీటిరంగు) అసలే వద్దు. అది గీతను కప్పేస్తుంది.

ముందుగా ఒక ప్రింటును పూర్తిగా రంగు వేసి మాతృకగా పెట్టుకోండి. ఏ మిశ్రమం ఎక్కడ వాడారో మార్జిన్‌లో రాయండి. తర్వాత పది ప్రింట్లు వరసగా పరిచి, ఒక్కో రంగునూ పదింటికీ వేస్తూ వెళ్లండి. మొదటిది వేసి పదోదానికి చేరేసరికి మొదటిది ఆరి ఉంటుంది. పాత లండన్ వర్క్‌షాపుల్లో కూడా మాతృక ఎదురుగా పెట్టుకునే రంగులు వేసేవారు.

వరస ఇదీ.

*ఆకాశం.* ముందు ఆ భాగాన్ని శుభ్రమైన నీళ్లతో తడపండి. అల్ట్రామెరీన్‌లో చిటికెడు లైట్ రెడ్ కలిపితే ఇంగ్లండు ఆకాశం వస్తుంది. మన వేసవి నీలం ఇక్కడ సరిపోదు. పైన కొద్దిగా, కిందికి వచ్చేసరికి ఏమీ లేకుండా. మేఘాన్ని గీయకండి, వదిలేయండి.

*దూరం.* అదే ఆకాశపు నీటిలో ఒక చుక్క రా సియెన్నా. కొండలకు, చివరి పొలాలకు అది చాలు.

*గోడలు, కప్పులు.* కాట్స్‌వోల్డ్స్ రాయికి పలుచటి యెల్లో ఓకర్, తడిగా ఉండగానే అక్కడక్కడ బూడిదరంగు తాకించండి. కెంట్ పెంకుకు లైట్ రెడ్, బర్న్ట్ సియెన్నా. పెంకులన్నీ ఒకే ఎరుపు చేయకండి. నార్ఫక్ చెకుముకి రాయికి పేన్స్ గ్రే చాలా పలుచగా, సగం రాళ్లు తెల్లగా వదిలి. రెల్లుకప్పు కొత్తదైతే పసుపు, పాతదైతే బూడిద. చాలామంది అన్ని కప్పులకూ బంగారు పసుపు వేస్తారు. నిజానికి కొన్నేళ్లు వానలో నానిన కప్పు గోధుమ కలిసిన బూడిదరంగే.

*పచ్చదనం.* అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఎక్కువ ప్రింట్లు పాడయ్యేదీ ఇక్కడే. ట్యూబులోంచి నేరుగా వచ్చే పచ్చను వాడకండి. అల్ట్రామెరీన్‌లో రా సియెన్నా, ఓకర్ మార్చి మార్చి కలిపి కనీసం మూడు పచ్చలు చేయండి. పచ్చికకు పసుపు మొగ్గు. కంచెపొదలకు గోధుమ మొగ్గు. చర్చి పెరట్లో తరచుగా కనిపించే యూ చెట్టుకు దాదాపు నల్లటి పచ్చ. ఈ మూడూ పక్కపక్కన పడితేనే ఊరు ఇంగ్లండులో ఉన్నట్టుంటుంది. మన వరిచేను పచ్చ చేతికి అలవాటైనవాళ్లు మొదట్లో అంతా ఒకే లేతపచ్చ వేస్తారు. నేనూ అలాగే వేశాను.

*మనుషులు.* చిన్న బొమ్మలకు బట్టలన్నీ రంగు వేయకండి. ఒక శాలువా, ఒక టోపీ, ఒక ఏప్రన్. ముఖాలకు లైట్ రెడ్ నీళ్లు ఒక్క తాకు.

*చివరి చుక్క.* పోస్టు డబ్బా ఎరుపో, ఒక తలుపు నీలమో, ఒక్కటే. బొమ్మలో గట్టి ఎరుపు ఒక్కచోటే ఉంటే కన్ను అక్కడికి వెళ్లి, అక్కణ్నించి ఊరంతా తిరుగుతుంది. మూడు చోట్ల పెడితే ఎక్కడికీ వెళ్లదు.

బ్రష్ ఎప్పుడు ఆపాలో తెలియకపోతే రంగు లేని ప్రింటును పక్కన పెట్టి చూడండి. అందులో కనిపించే గీత రంగు వేసినదాంట్లో కనిపించకపోతే అప్పటికే ఎక్కువైంది.

11. రంగులో జరిగే తప్పులు, మరమ్మతు

- రంగు ఎక్కువైంది: తడిగా ఉండగానే పిండిన శుభ్రమైన బ్రష్‌తో పీల్చండి. ఆరాక అయితే తడి బ్రష్‌తో నెమ్మదిగా కరిగించి టిష్యూతో అద్దండి. రుద్దితే కాగితం నూగు లేస్తుంది.
- వాష్‌లో (పలుచటి నీటిరంగు పూతలో) పువ్వులాంటి మరకలు: సగం ఆరిన రంగులోకి నీళ్లు చేరాయి. పూర్తిగా ఆరనిచ్చి మొత్తం భాగానికి ఇంకో పలుచటి వాష్.
- తెలుపు పోయింది: క్రికెట్ ప్యాంటు మీద చిన్న మరక అయితే పదునైన బ్లేడు కొసతో పైపొరను తేలిగ్గా గీకొచ్చు. ఇది ఒక్కసారికే పనికొస్తుంది.
- రంగు గీతల మీద ముత్యాల్లా నిలుస్తోంది: ఇంకులో నూనె ఉంది కాబట్టి అది సహజం. పెద్ద భాగమంతా అలాగే ఉంటే మాత్రం తుడవడంలో ఇంకు పొర మిగిలింది, 8వ భాగంలోని 4వ మెట్టు చూడండి.
- కాగితం వంకర తిరిగింది: వెనకవైపు నీళ్లు సన్నగా చల్లి, అద్దుడు కాగితాల మధ్య రెండు రాత్రులు బరువు కింద పెట్టండి.

12. సంతకం, ఫ్రేము

ప్లేటు అచ్చుకు కింద పెన్సిల్‌తోనే రాయండి. ఎడమ పక్క సంఖ్య, ఉదాహరణకు 12/50, అంటే 50లో 12వది. మధ్యలో బొమ్మ పేరు, కుడి పక్క సంతకం. ఆ 50 పూర్తయ్యాక అదే ప్లేటుతో మళ్లీ అచ్చు వేయకూడదు. కొన్నవాళ్లకు మీరిచ్చిన మాట అది. ఒక్కో ప్రింటుకు కావాలనే వేరే రంగులు వేస్తే, ఉదాహరణకు కొన్ని వేసవి ఊరు, కొన్ని శరదృతువు ఊరు, ఆ సంగతి సంఖ్య పక్కన గుర్తు పెట్టండి.

ఫ్రేముకట్టేవాళ్లకు ఇచ్చేముందు ఇవి చెప్పండి:

- మౌంటు (ప్రింటు చుట్టూ పెట్టే అట్ట) ఆమ్లరహితమైనదే కావాలి.
- గ్లాసు ప్రింటుకు తగలకూడదు, మధ్యలో మౌంటు ఎత్తు ఉండాలి.
- ప్లేటు అంచు అచ్చు, సంతకం మౌంటు కిందికి పోకూడదు.
- సెల్లో టేపు, ఫెవికాల్ వద్దు. జపనీస్ కాగితపు కీలు, గోధుమ గంజి పేస్టు చాలు.
- ప్రింటును మౌంటుకు పూర్తిగా అంటించకూడదు, పైన రెండు చోట్ల మాత్రమే.

ఎండ నేరుగా పడే గోడకు తగిలించకండి. హైదరాబాద్, విజయవాడ ఇళ్లకు తీసుకెళ్తున్నవాళ్లు బయటి గోడకు కాకుండా లోపలి గోడకు పెట్టండి, ఫ్రేము వెనక కింది మూలలకు రెండు చిన్న కార్క్ బిళ్లలు అంటించండి. గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది, వానాకాలంలో చెమ్మ పట్టదు.